గెట్ అనే క్రియను ఎలా వాడాలి: మీ తెలుగు వాక్యం దగ్గరే మొదలుపెట్టండి

"మేడమ్, గెట్ అంటే అసలు అర్థం ఏమిటి?" స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పే నన్ను ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ మాట అడుగుతారు. డిక్షనరీ తెరిస్తే ఈ ఒక్క మాటకే పేజీలకు పేజీలు ఉంటాయి. అవన్నీ చదవలేక చాలామంది నోట్‌బుక్‌లో "గెట్ = పొందు" అని రాసుకుని ఊరుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఇంట్లో ఎవరితోనైనా "నేను ఉద్యోగం పొందాను" అంటామా? "నాకు ఉద్యోగం వచ్చింది" అంటాం. "చీకటి పడుతోంది" అంటాం. "బండి రిపేర్ చేయించాను" అంటాం. ఈ మూడు వాక్యాలకూ ఇంగ్లీషులో గెట్ వాడొచ్చు. ఒక్కదాంట్లోనూ "పొందు" లేదు.

అందుకని ఇక్కడ గెట్‌కు అర్థాల జాబితా ఇవ్వడం లేదు. మీరు రోజూ మాట్లాడే తెలుగు వాక్యాల్లో ఏ రకం వాక్యానికి గెట్ వస్తుందో, దేనికి రాదో చూపిస్తాను. మీరు చూసుకోవాల్సింది తెలుగు వాక్యం చివర ఉన్న క్రియ: వచ్చింది, దొరికింది, అయింది, పడింది, చేరాను, ఎక్కాను, చేయించుకున్నాను, అర్థమైంది. అది ఏ రకమో తేలితే ఇంగ్లీష్ వాక్యం ఎలా ఉండాలో దాదాపు తేలిపోతుంది.

కావలసినవి

- ఒక నోట్‌బుక్. ఎడమ పేజీలో తెలుగు వాక్యం, కుడి పేజీలో ఇంగ్లీష్ వాక్యం రాయండి. విడి మాటలు రాయొద్దు, పూర్తి వాక్యాలే రాయండి.
- ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన డిక్షనరీ. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ల లర్నర్స్ డిక్షనరీలు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకుండానే చూడొచ్చు. ఇంగ్లీష్–తెలుగు డిక్షనరీ ఈ పనికి చాలదు, ఎందుకంటే అందులో ఉదాహరణ వాక్యాలు తక్కువ.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- రోజుకు ఇరవై నిమిషాలు. ఒక రోజుకు ఒక అడుగే వేయండి. నాలుగో అడుగుకు మాత్రం మూడు రోజులు కేటాయించండి.

1. ముందు రూపాలు సరిచేసుకోండి

వర్తమానంలో గెట్, భూతకాలంలో గాట్. మూడో రూపం దగ్గర రెండు పద్ధతులున్నాయి. బ్రిటిష్ ఇంగ్లీషులో గాట్, అమెరికన్ ఇంగ్లీషులో గాటెన్. "వాతావరణం చల్లబడింది" అనడానికి లండన్ మనిషి "ద వెదర్ హ్యాజ్ గాట్ కోల్డర్" అంటే, అమెరికా మనిషి "హ్యాజ్ గాటెన్ కోల్డర్" అంటాడు. రెండూ ఒప్పే. మీరు ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. "నాకు కారు ఉంది" అనే అర్థంలో "ఐ హ్యావ్ గాట్ ఎ కార్" అన్నప్పుడు అమెరికన్లు కూడా గాటెన్ అనరు. కొత్తగా అమెరికా వెళ్లిన పిల్లలు అన్నిచోట్లా గాటెన్ పెట్టేస్తుంటారు. ఫర్గెట్‌కు మాత్రం మూడో రూపం రెండు దేశాల్లోనూ ఫర్గాటెనే.

వినేటప్పుడు కూడా ఒక చిక్కుంది. అమెరికన్లు మాట్లాడేటప్పుడు రెండు అచ్చుల మధ్య వచ్చే "ట" దాదాపు "డ"లా వినిపిస్తుంది. "గెట్ ఇట్" అన్నది "గెడిట్"లా ఉంటుంది, "గాట్ టు" అన్నది "గాడా"లా ఉంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన మనవలతో ఫోన్‌లో మాట్లాడే తాతయ్యలు, అమ్మమ్మలు ఇది తెలిస్తే సగం మాటలు సులువుగా పట్టేస్తారు.

2. "నాకు వచ్చింది, దొరికింది, అందింది"

తెలుగులో వచ్చే వస్తువు కర్త. మనిషికి "కు" గానీ "కి" గానీ చేరుతుంది. ఇంగ్లీషులో మనిషే కర్త కావాలి. కాబట్టి "నాకు"ను "ఐ" చేయండి, "మా చెల్లికి"ని "మై సిస్టర్" చేయండి, వెంటనే గెట్ పెట్టండి, ఆ తర్వాత వచ్చిన వస్తువు పెట్టండి.

- నాకు ఉద్యోగం వచ్చింది: "ఐ గాట్ ఎ జాబ్."
- మా చెల్లికి మంచి మార్కులొచ్చాయి: "మై సిస్టర్ గాట్ గుడ్ మార్క్స్."
- మీ మెసేజ్ అందింది: "ఐ గాట్ యువర్ మెసేజ్."
- మాకు తత్కాల్‌లో టికెట్ దొరికింది: "వి గాట్ ఎ తత్కాల్ టికెట్."

మూడో వాక్యంలో "నాకు" పైకి లేదు. మన భాషలో చెప్పకపోయినా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో "ఐ" వదిలేయడానికి లేదు. "గాట్ యువర్ మెసేజ్" అని వాట్సాప్‌లో సరిపోతుంది గానీ, ఆఫీసు మెయిల్‌లో "ఐ" ఉండాలి.

తెచ్చిపెట్టడం కూడా ఇదే కుటుంబం. "కాసిని మంచినీళ్లు తెచ్చిపెడతావా?" అంటే "కెన్ యు గెట్ మి సమ్ వాటర్?" "బజారు నుంచి కూరగాయలు తెచ్చాను" అంటే "ఐ గాట్ సమ్ వెజిటబుల్స్ ఫ్రమ్ ద మార్కెట్." ఇక్కడ కొన్నానని వేరే చెప్పక్కర్లేదు, గెట్‌లోనే ఉంది.

ఎక్కడ జారిపోతామంటే, తెలుగులో "వచ్చు" చాలా పనులు చేస్తుంది. అన్నిటికీ గెట్ కుదరదు. "నాకు తెలుగు వచ్చు" అన్నది తెలిసి ఉండటం, కాబట్టి "ఐ నో తెలుగు." "నాకు ఈత వచ్చు" అంటే "ఐ కెన్ స్విమ్." ఇక "నాకో డౌట్ వచ్చింది" సంగతి. "ఐ గాట్ ఎ డౌట్" అంటే మన దేశంలో ఏ టీచరుకైనా అర్థమవుతుంది. బయటి దేశాల్లో డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ప్రొఫెసర్‌తో "ఐ గాట్ ఎ డౌట్ ఇన్ యువర్ లెక్చర్" అంటే ఆయన చెప్పినదాన్ని మీరు నమ్మడం లేదని అనుకునే ప్రమాదం ఉంది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి.

సరిచూసుకోవడం ఎలా: గాట్ తీసేసి రిసీవ్‌డ్, ఫౌండ్, బాట్ మాటల్లో ఏదో ఒకటి పెట్టి చూడండి. వాక్యం నిలబడితే మీ గెట్ సరైన చోటే ఉంది.

3. "అయింది, పడింది, వేసింది": మారిన స్థితి

గెట్ తర్వాత వస్తువు కాకుండా విశేషణం వస్తే, ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం అని అర్థం.

- చీకటి పడుతోంది: "ఇట్స్ గెటింగ్ డార్క్."
- ఆలస్యమవుతోంది: "ఇట్స్ గెటింగ్ లేట్."
- కాఫీ చల్లారిపోయింది: "ద కాఫీ గాట్ కోల్డ్."
- నాకు కోపం వచ్చింది: "ఐ గాట్ యాంగ్రీ."
- నాకు భయం వేసింది: "ఐ గాట్ స్కేర్డ్."

చివరి రెండు వాక్యాలు జాగ్రత్తగా చూడండి. తెలుగులో కోపం, భయం నామవాచకాలు. అవి "వస్తాయి", "వేస్తాయి". ఇంగ్లీషులో గెట్ తర్వాత నామవాచకం పెట్టి "ఐ గాట్ యాంగర్" అనకూడదు. విశేషణం కావాలి: యాంగ్రీ. మన తెలుగువాళ్ల నోట నేను ఎక్కువగా వినే తప్పు కూడా ఇదే రకం: "ఐ యామ్ గెటింగ్ స్లీప్." నిద్ర వస్తోంది అన్నదాన్ని మాటకు మాట మార్చేశాం. సరైనది "ఐ యామ్ గెటింగ్ స్లీపీ." అలాగే "గెటింగ్ హంగర్" కాదు, "గెటింగ్ హంగ్రీ." "గెటింగ్ బోర్" కాదు, "గెటింగ్ బోర్డ్." బోర్డ్ చివర ఉన్న ఆ చిన్న "డ్" మింగేస్తే వాక్యం పాడైపోతుంది. "ఐ యామ్ బోరింగ్" అంటే ఇంకా నష్టం, నేనే విసుగు పుట్టించే మనిషిని అని అర్థం.

నామవాచకం పెట్టే అలవాటు ఇంటర్వ్యూల్లోనూ దెబ్బ తీస్తుంది. "మా అన్నయ్య డాక్టర్ అయ్యాడు" అన్నదానికి నా విద్యార్థి ఒకబ్బాయి "మై బ్రదర్ గాట్ ఎ డాక్టర్" అన్నాడు. దానికి అర్థం, మా అన్నయ్యకు ఒక డాక్టర్ దొరికాడు అని. వృత్తి, పదవి ఏదైనా సరే, "అయ్యాడు" అంటే "బికేమ్": "మై బ్రదర్ బికేమ్ ఎ డాక్టర్."

పెళ్లి మాట కూడా ఇక్కడే చెప్పాలి. "షి ఈజ్ మ్యారీడ్" అంటే ఆమెకు పెళ్లయి ఉంది. "షి గాట్ మ్యారీడ్ ఇన్ మే" అంటే మేలో పెళ్లయింది. మొదటిది స్థితి, రెండోది జరిగిన సంఘటన. తేదీ, నెల, సంవత్సరం చెబుతున్నారంటే గాట్ వేయండి. ఎవరితో అన్నప్పుడు "విత్" కాదు, "టు": "షి గాట్ మ్యారీడ్ టు ఎ టీచర్." తెలుగులో "తో" ఉంది కదా అని విత్ పెట్టేస్తాం.

కొన్ని మార్పులకు గెట్ ఒప్పదు. పాలు విరిగిపోతే, కూర పాడైతే "వెంట్ బ్యాడ్" అంటారు. చూపు పోతే "వెంట్ బ్లైండ్", జుట్టు నెరిస్తే "వెంట్ గ్రే." "నాకు చాలా సంతోషం వేసింది" అన్నదానికి "ఐ గాట్ హ్యాపీ" కంటే "ఐ వాజ్ వెరీ హ్యాపీ" అనడమే సహజం. వీటికి సూత్రం ఏమీ లేదు. నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి, కనిపించినప్పుడల్లా రాసుకోవడమే.

సరిచూసుకోవడం ఎలా: గెట్ తర్వాతి మాట ముందు "వెరీ" పెట్టి చూడండి. "వెరీ యాంగ్రీ" కుదురుతుంది, "వెరీ యాంగర్" కుదరదు. కుదరకపోతే మీరు నామవాచకం పెట్టారన్నమాట. మ్యారీడ్ లాంటి కొన్నింటికి ఈ పరీక్ష పనిచేయదు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి.

4. "చేయించాను, చేయించుకున్నాను"

ఇది అన్నిటికంటే ముఖ్యమైన అడుగు. తెలుగువాళ్లకు ఇది సులువుగా రావాలి కూడా, ఎందుకంటే మన భాషలో ఈ తేడా ఎంతో స్పష్టంగా ఉంది. కుట్టాను వేరు, కుట్టించాను వేరు, కుట్టించుకున్నాను వేరు. ఒక్క "ఇంచు"తో పని ఎవరు చేశారో తేలిపోతుంది. అయినా ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ "ఇంచు"ను దారిలో వదిలేస్తాం.

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నేనే ఒక సహోద్యోగితో "ఐ కట్ మై హెయిర్ యెస్టర్‌డే" అన్నాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, నువ్వే కత్తిరించుకున్నావా అని అడిగింది. నేను వెళ్లింది పార్లర్‌కు. "ఐ గాట్ మై హెయిర్ కట్" అనాల్సింది. ఆ రోజు నుంచే ఈ వాక్య నిర్మాణాన్ని పట్టుదలగా సాధన చేశాను.

క్రమం ఇది: కర్త, గెట్, వస్తువు, క్రియ మూడో రూపం.

- బండి రిపేర్ చేయించాను: "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్."
- జాకెట్ కుట్టించుకున్నాను: "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్."
- ఇంటికి రంగులు వేయిస్తున్నాం: "వి ఆర్ గెటింగ్ ద హౌస్ పెయింటెడ్."
- రేపు రక్తపరీక్ష చేయించుకోవాలి: "ఐ నీడ్ టు గెట్ మై బ్లడ్ టెస్టెడ్ టుమారో."
- ఆధార్‌లో అడ్రస్ మార్పించావా?: "డిడ్ యు గెట్ ది అడ్రస్ చేంజ్డ్ ఇన్ యువర్ ఆధార్?"

తప్పులు మూడు చోట్ల వస్తాయి. ఒకటి, వరస తారుమారు చేయడం: "ఐ గాట్ రిపేర్డ్ మై బైక్." వస్తువు మధ్యలో ఉండాలి, చివర కాదు. రెండు, మూడో రూపం బదులు మొదటి రూపం వేయడం: "ఐ గాట్ మై బైక్ రిపేర్." మూడు, మొత్తం గెట్‌నే వదిలేయడం: "వి ఆర్ పెయింటింగ్ ద హౌస్." ఇది తప్పు వాక్యం కాదు, కానీ మీరే బ్రష్ పట్టుకున్నారని అర్థం రావచ్చు. ఇల్లు విషయంలో తెలుగులో కూడా "ఇల్లు కట్టాం" అనేస్తాం కాబట్టి ఈ పొరపాటు మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

గెట్ బదులు హ్యావ్ కూడా వాడొచ్చు: "ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్." అర్థం అదే. హ్యావ్ కొంచెం మర్యాదగా, రాతకు తగినట్టు ఉంటుంది. గెట్ మాటల్లో వినిపిస్తుంది. మొదట గెట్ ఒక్కటే అలవాటు చేసుకోండి, హ్యావ్ తర్వాత అదే వస్తుంది.

ఎవరిచేత చేయించారో చెప్పాలంటే వాక్యం మారుతుంది. అప్పుడు క్రమం: కర్త, గెట్, మనిషి, టు, క్రియ మొదటి రూపం. "ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ చూపించాను" అంటే "ఐ గాట్ ది ఎలక్ట్రీషియన్ టు చెక్ ద వైరింగ్." ఇందులో ఒక చిన్న ధ్వని ఉంది. నచ్చజెప్పో, బతిమాలో, కాస్త కష్టపడి ఒప్పించానన్న భావం వస్తుంది. "ఎట్టకేలకు నాన్నను డాక్టర్ దగ్గరికి వెళ్లేలా ఒప్పించాను" అన్నదానికి ఇంతకంటే మంచి వాక్యం లేదు: "ఐ ఫైనలీ గాట్ మై ఫాదర్ టు సీ ఎ డాక్టర్." బలవంతంగా చేయిస్తే "మేడ్". మేడ్ తర్వాత "టు" రాదు: "షి మేడ్ మి వెయిట్." గెట్‌కు టు ఉండాలి, మేక్‌కు టు ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపేసి "షి మేడ్ మి టు వెయిట్" అనేవాళ్లు చాలామంది ఉన్నారు.

సాధన: గత నెలలో డబ్బిచ్చి మీరు చేయించుకున్న పనులు పది రాయండి. కుట్టుపని, ఇస్త్రీ, గ్యాస్ స్టవ్ రిపేర్, ఫోన్ స్క్రీన్ మార్పించడం, ఏదైనా సరే. పదింటికీ ఇంగ్లీష్ వాక్యం రాసి పైకి చదివి రికార్డ్ చేయండి. మళ్లీ వింటున్నప్పుడు రెండే చూడండి: వస్తువు మధ్యలో ఉందా, చివరి క్రియలో "డ్" గానీ "టెడ్" గానీ వినిపిస్తోందా? కట్, పుట్ లాంటి క్రియలకు మాత్రం మూడు రూపాలూ ఒకటే కాబట్టి అవి అలాగే ఉంటాయి.

5. "చేరాను, ఎక్కాను, దిగాను"

"ఇంటికి చేరాను" అంటే "ఐ గాట్ హోమ్." "స్టేషన్‌కు చేరాను" అంటే "ఐ గాట్ టు ద స్టేషన్." హోమ్, హియర్, దేర్ ముందు టు రాదు, మిగతా చోట్లకు వస్తుంది. దారి అడగడానికి కూడా ఇదే: "హౌ డు ఐ గెట్ టు చార్మినార్?"

ఎక్కడం, దిగడం దగ్గర తెలుగుకు ఒక్కో మాట చాలు. బస్సెక్కుతాం, కారెక్కుతాం, చెట్టెక్కుతాం. ఇంగ్లీషులో వాహనాన్ని బట్టి మారుతుంది. లోపల లేచి నడవగలిగిన వాహనాలకు, అంటే బస్సు, రైలు, విమానాలకు "గెట్ ఆన్, గెట్ ఆఫ్". వంగి లోపల కూర్చునే కారుకు, ఆటోకు "గెట్ ఇన్, గెట్ అవుట్ ఆఫ్". బైకు, సైకిల్, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి మళ్లీ "ఆన్, ఆఫ్".

మనం "గెట్ డౌన్" అనేది మాత్రం మానుకోవాలి. ఆర్టీసీ బస్సులో "ఐ విల్ గెట్ డౌన్ ఎట్ అమీర్‌పేట" అంటే పక్కవాళ్లందరికీ అర్థమవుతుంది, మన దేశంలో అది మామూలు మాట. బయటి దేశాల్లో గెట్ డౌన్ అంటే నిచ్చెన మీద నుంచో గోడ మీద నుంచో కిందికి దిగడం, లేదా ప్రమాదంలో నేలమీదికి వంగడం. అక్కడి బస్సులో "ఐ యామ్ గెటింగ్ ఆఫ్ ఎట్ ద నెక్స్ట్ స్టాప్" అనండి.

6. "తిట్లు తిన్నాను, దొరికిపోయాడు"

వ్యాకరణ పుస్తకాల్లో "చేయబడింది" అని కర్మణి వాక్యాలు నేర్పుతారు. మనం మాట్లాడేటప్పుడు అలా అనం. "తిట్లు తిన్నాను", "దొరికిపోయాడు", "దెబ్బ తగిలింది" అంటాం. మాటల్లో ఇంగ్లీషువాళ్లకు కూడా ఇలాంటి చోట గాట్ ఉంది.

- నాన్న చేత తిట్లు తిన్నాను: "ఐ గాట్ స్కోల్డెడ్ బై మై ఫాదర్."
- కాపీ కొడుతూ దొరికిపోయాడు: "హి గాట్ కాట్ కాపీయింగ్."
- నా ఫోన్ ఎవరో కొట్టేశారు: "మై ఫోన్ గాట్ స్టోలెన్."
- మోకాలికి దెబ్బ తగిలింది: "మై నీ గాట్ హర్ట్", ఇంతకంటే సహజంగా "ఐ హర్ట్ మై నీ."

ఉన్నట్టుండి మీద పడ్డ సంగతులకే ఇది బాగుంటుంది. చరిత్ర విషయాలకు, నింపాదిగా ప్రణాళికతో జరిగిన పనులకు గాట్ వేయొద్దు. చార్మినార్‌ను 1591లో కట్టారు అన్నదానికి "చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591" అనే రాయాలి. "ఐ గాట్ బార్న్ ఇన్ గుంటూర్" కాదు, "ఐ వాజ్ బార్న్ ఇన్ గుంటూర్."

7. ఒకేలా కనిపించే రెండు వాక్యాలు

"ఐ హ్యావ్ గాట్ టు మీట్ హిమ్" అంటే ఆయన్ని కలవక తప్పదు. "ఐ గాట్ టు మీట్ హిమ్" అంటే ఆయన్ని కలిసే అవకాశం దొరికింది. మధ్యలో ఒక్క హ్యావ్ తేడా. మాటల్లో మొదటిది "ఐవ్ గాట్ టు" అయి, ఇంకా కుదించి "ఐ గాటా" అయిపోతుంది. కాబట్టి వినేటప్పుడు సందర్భం చూసుకోవాలి. రేపటి పని గురించైతే తప్పదనే అర్థం. నిన్నటి సంగతైతే అవకాశం దొరికిందని అర్థం.

రెండోదాన్ని వ్యతిరేకంలో కూడా వాడండి, చాలా ఉపయోగం. "మీకు ఫోన్ చేయడం కుదరలేదు" అన్నదానికి "ఐ డిడ్‌న్ట్ గెట్ టు కాల్ యు." టైమ్ లేక, వీలు కాక అని వేరే వివరించే పని ఉండదు.

"అర్థమైంది" కూడా గెట్టే. పని చెప్పిన వెంటనే "గాట్ ఇట్" అనొచ్చు. అర్థం కాకపోతే "ఐ డోన్ట్ గెట్ ఇట్." పైఅధికారితోనో, పెద్దవాళ్లతోనో అయితే "సారీ, ఐ డిడ్‌న్ట్ అండర్‌స్టాండ్ దట్" అనడం మర్యాద. ఎదుటివాళ్లను "డు యు గెట్ ఇట్?" అని అడగొద్దు. అది "ఏం, బుర్రకెక్కిందా?" అన్నట్టు ఉంటుంది.

8. వెనక చేరే చిన్న మాటలు

ఇవి ఎన్నో ఉన్నాయి. మొదటి నెలకు ఈ ఐదు చాలు.

- గెట్ అప్: పక్క మీద నుంచి లేవడం. మెలకువ రావడం "వేక్ అప్". ఐదింటికి మెలకువొచ్చి ఆరింటికి లేచారంటే రెండూ కావాలి.
- గెట్ బ్యాక్ టు: కనుక్కుని మళ్లీ చెప్పడం. "ఐ విల్ గెట్ బ్యాక్ టు యు టుమారో." ఆఫీసులో రోజూ పనికొస్తుంది.
- గెట్ ఓవర్: జ్వరం, దుఃఖం, షాక్ నుంచి తేరుకోవడం.
- గెట్ అలాంగ్ విత్: పొసగడం. అత్తాకోడళ్లకు పడుతుందా లేదా అన్నది ఈ మాటతోనే.
- గెట్ రిడ్ ఆఫ్: వదిలించుకోవడం. పాత సామాను, బొద్దింకలు, చెడ్డ అలవాటు, ఏదైనా.

9. గెట్ తీసేయాల్సిన చోట్లు

విదేశీ యూనివర్సిటీకి రాసే దరఖాస్తు, ఐఎల్టీఎస్‌లో వ్యాసం, బ్యాంకుకు, ప్రభుత్వ కార్యాలయానికి ఉత్తరం: వీటిలో గెట్‌ను తగ్గించండి. అందడానికి రిసీవ్, మారడానికి బికమ్, చేరడానికి అరైవ్ లేదా రీచ్ రాయండి. రీచ్ తర్వాత టు వేయకండి, "రీచ్‌డ్ ద స్టేషన్" చాలు. ఉత్తరం రాశాక గెట్, గాట్ అన్న చోటల్లా గీత గీసి లెక్కపెట్టండి. పేజీకి రెండు మించితే కొన్ని మార్చండి.

దీన్ని మాటల్లోకి తీసుకెళ్లకండి. స్నేహితుడితో "ఐ రిసీవ్‌డ్ యువర్ మెసేజ్ అండ్ బికేమ్ యాంగ్రీ" అంటే తప్పు కాదు గానీ ఉత్తరం చదువుతున్నట్టు ఉంటుంది.

సరిచూసుకోవడానికి పది వాక్యాలు

కింది జవాబులు చేత్తో మూసేసి ముందు మీరు రాయండి.

ఒకటి, నాకు నిద్ర వస్తోంది. రెండు, మా అక్క లాయర్ అయింది. మూడు, కళ్లజోడు మార్పించుకోవాలి. నాలుగు, కూకట్‌పల్లిలో బస్సు దిగాను. ఐదు, నాకు హిందీ వచ్చు. ఆరు, రాత్రి పదింటికి ఇంటికి చేరాం. ఏడు, వాడి చేత సారీ చెప్పించాను, చాలా నచ్చజెప్పాక. ఎనిమిది, వాళ్లకు 2019లో పెళ్లయింది. తొమ్మిది, పాలు విరిగిపోయాయి. పది, నిన్న మీతో మాట్లాడటం కుదరలేదు.

జవాబులు:

1. "ఐ యామ్ గెటింగ్ స్లీపీ."
2. "మై సిస్టర్ బికేమ్ ఎ లాయర్."
3. "ఐ నీడ్ టు గెట్ మై గ్లాసెస్ చేంజ్డ్."
4. "ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ కూకట్‌పల్లి."
5. "ఐ నో హిందీ."
6. "వి గాట్ హోమ్ ఎట్ టెన్."
7. "ఐ గాట్ హిమ్ టు సే సారీ."
8. "దే గాట్ మ్యారీడ్ ఇన్ 2019."
9. "ద మిల్క్ వెంట్ బ్యాడ్."
10. "ఐ డిడ్‌న్ట్ గెట్ టు టాక్ టు యు యెస్టర్‌డే."

రెండు, ఐదు, తొమ్మిదిలో మీరు గెట్ పెట్టి ఉంటే రెండో అడుగు, మూడో అడుగు మళ్లీ చదవండి. మూడు, ఏడు తప్పితే నాలుగో అడుగుకు ఇంకో రెండు రోజులు ఇవ్వండి. ఏడోదాంట్లో "టు" మరిచిపోవడం చాలామందికి జరుగుతుంది. ఇక్కడ లేని వాక్యం గురించి సందేహం వస్తే లర్నర్స్ డిక్షనరీలో గెట్ కింద ఉదాహరణలు చూడండి. మీ వాక్యం లాంటిది ఒక్కటైనా కనిపిస్తే ధైర్యంగా వాడొచ్చు. కనిపించకపోతే ఆ రోజుకు గెట్ లేకుండా చెప్పేయండి, నోట్‌బుక్‌లో తెలుగు వాక్యం మాత్రం రాసి కుడి పేజీ ఖాళీగా ఉంచుకోండి.